జాడీ అడుగు

కిరసనాయిలు డబ్బాలో, తోలుపొదిలో
ముడుచుకొని పడుకున్న మా జేజినాయన కత్తి
ఎన్నేళ్లకో ఇవాళ చేతికొచ్చింది.
తెరవబోతే తెరుచుకోదు.
సీల దగ్గర తుప్పు పళ్లు బిగబట్టింది.

మార్కాపురం, పలకల ఫ్యాక్టరీ వెనక వీధి.
నా బ్యూటీ పార్లరంటే ఒక గది, ఒక అద్దం, తిరిగే కుర్చీ.
ట్యాంకరు వచ్చే రోజు కాదు.
ఏం చేసినా రెండు చెంబుల నీళ్లతోనే.

కొబ్బరినూనె బొట్టు బొట్టుగా సీలలోకి దించి
రాత్రంతా వదిలేశాను.
పొద్దున కాస్త మూలిగి తెరుచుకుంది.
చింతపండు పిసికి అలుగుకి పట్టించి
పక్కనే కూర్చున్నాను కాపలా.
ఎక్కువసేపు ఉంచితే పులుపు ఇనుమునూ తింటుంది.
ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు,
చారుగిన్నెలు తోమిన చేతికి తెలియదా.
పిల్లవాడు పారేసిన బ్రష్షు, చిటికెడు పళ్లపొడి.
కొమ్ము పిడి సందులో ఎవరిదో తెల్లవెంట్రుక.
పారెయ్యబుద్ధి కాక కిటికీలో పెట్టాను.
ఫ్యాను గాలికి అదే పోయింది.

తోక మీద మేకుతో గీసుకున్న అక్షరాలు తేలాయి:
య, ల.
మిగతా యలమందయ్యని తుప్పు తినేసింది.

ఈ కత్తి కింద గొంతు చాపని పెద్దమనిషి ఊళ్లో లేడు.
ఆయన్ని అరుగెక్కనివ్వని వాళ్లు
తామే అరుగు దిగొచ్చి, కళ్లు మూసుకొని
గొంతు మాత్రం ఇచ్చేవాళ్లు.
జేజినాయన ఎప్పుడూ అనలేదు ఆ మాట.
తోముతుంటే నాకే తోచింది.

తర్వాత రోగాల భయం వచ్చింది,
సగానికి విరిచి వాడి పారేసే బ్లేడు వచ్చింది.
ఆయన పొది చుట్టేశాడు.
నాన్న సన్నాయి పట్టాడు.
అన్న కంభం రోడ్డులో సెలూన్ తెరిచాడు.
పదేళ్లప్పుడు నేనూ అడిగాను, కత్తి పట్టడం నేర్పమని.
"నీకెందుకే తల్లీ" అని నవ్వి
దోసిట్లో శనక్కాయలు పోశాడు.

సానరాయికి ఒంగోలు పోవాలి, డబ్బులూ పోవాలి.
గోంగూర జాడీ ఖాళీ చేసి బోర్లించాను.
పూత ఎక్కని అడుగు అంచు
వేలితో రాస్తే గరగరమంది. చాలు.
కనుబొమల పెన్సిల్‌తో వాదర పొడుగునా నల్లగీత గీశాను.
వీపు లేపకుండా ముందుకి, తిప్పి, మళ్లీ.
గీత చెరిగిన చోట రాయి తాకినట్టు,
మిగిలిన చోట నేను తప్పినట్టు.
మడమ దగ్గర మాత్రం నలుపు
ఎంతసేపటికీ అట్లాగే ఉంది, మొండిది.

ఆపైన పలక.
ఫ్యాక్టరీ గోడవతల పోసిన విరుగుళ్లలో సన్ననిది ఏరి
నాలుగు చుక్కల నీళ్లు.
ఎన్ని ఊళ్ల పిల్లలో ఈ రాయి మీద అ ఆలు దిద్దారు.
నేను ఇనుముని దిద్దాను.
నీళ్లు బూడిదరంగు తిరిగాయి.
చప్పుడు సన్నబడి, సన్నబడి,
ఎప్పుడు ఆగిందో వినపడలేదు.

మా ఆయన దోర్నాల డ్యూటీ దిగి వచ్చేసరికి
ఆయన పాత బెల్టు కిటికీ ఊచకి కట్టి
కత్తిని అటూ ఇటూ నూరుతున్నాను.
ఏమీ అడగకుండా టికెట్ మిషన్ కాగితం బారెడు చింపిచ్చాడు.
గాల్లో పట్టుకొని ఆనించాను.
కింది ముక్క రాలాక గానీ తెగిందని తెలియలేదు.
"అయితే కానీ" అంటూ తిరిగే కుర్చీలో వాలాడు.
మగమనిషి అందులో కూర్చోవడం అదే మొదలు.

నురగ పట్టించి, ఎడమచేత్తో చర్మం లాగి పట్టుకున్నాను,
రోజంతా కనుబొమల దగ్గర పట్టే పట్టే.
గుటక వేశాడు.
"మింగమాక" అన్నాను.
ఆపేశాడు.

ఒక చెంప నున్నగా వచ్చింది.
గడ్డం కింద చిన్న గాటు, ఆ మొండి మడమ చేసిన పనే.
పటిక అద్దుతుంటే తలుపు తట్టారు,
పెళ్లికూతురు, వెనక నలుగురు.
సగం నురగతో ఆయన వంటింట్లోకి ఒకటే పరుగు.

కత్తికి నూనె రాసి
మిగిలిన టికెట్ కాగితంలో చుట్టి
దారపురీళ్ల పక్కన, పై అరలో పెట్టాను.
జాడీ కడిగి మళ్లీ గోంగూర ఎత్తుకోవాలి.
రెండో చెంప రాత్రికి.